గొట్టంగాడు

ఎవడైనా మన మీద పెత్తనానికొస్తే "నువ్వేమన్నా పెద్ద గొట్టంగాడివా" అంటాం. ఆ రేవులో మాత్రం ఆ తిట్టు ఒక మనిషికి పేరై స్థిరపడిపోయింది. పెట్టినవాడు పరాయివాడేమీ కాదు, సాక్షాత్తూ అతని భార్యకి అన్న.

అతని పని, సరదాపడి వచ్చినవాళ్లని సముద్రం అడుగుకి తీసుకెళ్లి, అక్కడ మునిగిపోయిన పాత ఓడని చూపించి, ప్రాణాలతో పైకి తీసుకురావడం. వీపున గాలి సిలిండరు, ఆ గాలిని నోటికందించే రెగ్యులేటరు, కళ్లకి అద్దాల మాస్కు, ఒంటికి గాలి నింపితే తేలే జాకెట్టు, ఇవి ఆ పనిలో ఉన్న అందరికీ ఉండేవే. అతను వీటికి తోడు మాస్కు పట్టీకి చెవి పక్కన వంకర తిరిగిన ప్లాస్టిక్ గొట్టం ఒకటి తగిలించుకునేవాడు. దాన్ని స్నార్కెల్ అంటారు. నీళ్ల మీద బోర్లా తేలుతూ తలెత్తకుండా ఊపిరి పీల్చుకోవడానికి పనికొస్తుంది. వీపున నిండు సిలిండరు మోసేవాడికి దాంతో పనేమిటని తోటివాళ్లు నవ్వేవాళ్లు. చంకలో పిల్లని పెట్టుకుని సంతంతా వెతికినట్టుందనేవాడు బావ. పడవ బావది, దుకాణం బావది, కాబట్టి నవ్వే హక్కు కూడా ముందు బావదే.

ఆ నవ్వుకి ఓర్చుకునేంత మెత్తని మనిషి కాడు గొట్టంగాడు. చిన్నప్పుడు తండ్రి తడి తాడుతో కొట్టేవాడు. తండ్రి చెయ్యి ఆగేనాటికి ఇతని చెయ్యి మొదలైంది. మాట నోట్లో తయారయ్యేలోపు పిడికిలి ఎదుటివాడి మొహం మీద ఉండేది. ముక్కు రెండుసార్లు విరిగి, రెండుసార్లూ తనకి తోచిన దిక్కుకి అతుక్కుంది. పెళ్లి మాటలప్పుడు ఆ పిల్ల, అప్పటికే అన్న దుకాణంలో సిలిండర్లకి గాలి నింపే కంప్రెసరు నడుపుతోంది, ఒక్కటే షరతు పెట్టింది. ఇంట్లో చెయ్యి లేస్తే తన చేతిలో పానా కూడా లేస్తుందని. ఇంట్లో లేవలేదు. గడప దాటాక సంగతి వేరు.

గొట్టం వెనక ఒక చావు ఉంది. ఈ పనికి రాకముందు అతను రేవులో ఆగిన ఓడల పొట్టలు గీకేవాడు. నీళ్ల కింద ఓడకి అంటుకునే గుల్లలు కత్తుల్లా ఉంటాయి. వాటిని ఇనప పారతో గీకి రాల్చాలి. ఒకసారి తనూ, తన జోడీ పనివాడూ సిలిండర్లు అయిపోయి పైకొచ్చేసరికి గాలి తిరిగింది. వాళ్లని ఎక్కించుకోవాల్సిన చిన్న పడవ ఓడకి అవతలి పక్కనుంది. అల వచ్చి ఇద్దరినీ ఎత్తి ఓడ పొట్టకేసి బాదేది, వెనక్కి లాగి మళ్లీ బాదేది. గుల్లలు రబ్బరు సూటు చీల్చి, దాని కింద తోలు చీల్చాయి. జోడీ ఊపిరి కోసం మొహం పైకెత్తిన ప్రతిసారీ అల సరిగ్గా నోట్లోకే కొట్టేది. దగ్గి మళ్లీ నోరు తెరిస్తే మళ్లీ నీళ్లే. ఆఖరికి తల ఓడకి తగిలి చప్పుడైంది, తర్వాత ఆ మనిషి నోరు తెరవలేదు. నీళ్ల కింద అన్నేళ్లు బతికినవాడు, ఆకాశం కనబడుతుండగా నీళ్ల పైన చచ్చాడు. ఆ చావు చూసిన గొట్టంగాడు గొట్టం లేకుండా నీళ్లలో కాలు పెట్టలేదు.

బావ దగ్గరా సాక్ష్యం ఉంది. అది ఆయన కుడిచేతి చూపుడు వేలు, సగం. పాత ఓడ చుట్టూ జాలర్లు వదిలేసిన చిరిగిన వలలు వేలాడుతుంటాయి. ఒకావిడ మాస్కుకి తగిలించుకున్న స్నార్కెల్ ఆ వలలో ఇరుక్కుంది. ఆవిడ తల గుంజుకుంది. మాస్కు ఊడి కళ్లలో ఉప్పునీళ్లు కొట్టాయి. గుడ్డిగా తన్నుకుంటూ నోట్లో రెగ్యులేటరు కూడా ఊసేసింది. దాన్ని తిరిగి నోట్లో కుక్కుతున్న బావ వేలిని పళ్లతో పటుక్కున కొరికేసింది. బావ ఆవిడ జుట్టు పట్టుకుని నెత్తుటి మేఘంలోంచి పైకి లాక్కొచ్చాడు. ఆవిడ బతికింది, వేలు ఆ ఓడ దగ్గరే ఉండిపోయింది. స్నార్కెల్ మాటెత్తితే చాలు, బావ ఆ మొండి వేలు చూపించి, నన్నడగొద్దు దీన్నడగండి అనేవాడు.

ఇద్దరి మాటా నిజమే. రెండు నిజాలూ ఒకే పడవలో ఉన్నాయి, అదీ తంటా.

ఒక పొద్దున రేవులో కట్టి ఉన్న పడవ నిండా జనం ఎక్కి కూర్చున్నారు. గొట్టంగాడు మాస్కు సర్దుకుంటున్నాడు. బావ వచ్చి, తన పడవలో ఆ పిల్లల బొమ్మ ఉండటానికి వీల్లేదని, వచ్చినవాళ్లంతా అది చూసి తమకీ కావాలంటున్నారని చెప్పి, మాట పూర్తి కాకముందే గొట్టం పట్టుకుని లాగాడు. మాస్కు పట్టీ తెగి చెంప మీద కొరడాలా తగిలింది. బావ గొట్టాన్ని మోకాలి మీద విరిచి సముద్రంలోకి గిరాటేశాడు. అది నీళ్లని తాకేలోపే గొట్టంగాడి పిడికిలి బావ మూతి మీద పడింది. బావ పెదవి చీలింది. ఆయన వెనక్కి తూలి, చేతికందిన లంగరు చక్రం తిప్పే ఇనపకడ్డీ తీసుకుని కొట్టాడు. గొట్టంగాడి ముంజేయి ఎండుకొమ్మ విరిగినట్టు పలికింది. రెండో చేత్తో అతను బావ మెడ దొరకబుచ్చుకుని, మాస్కులు కడిగే మంచినీళ్ల తొట్టిలో తల ముంచేశాడు.

"ఇప్పుడు పీల్చు బావా," అన్నాడు. "నీకు గొట్టం అక్కర్లేదుగా, పీల్చు."

బుడగలు వచ్చాయి. జనంలో ఒకాయన లేచి మళ్లీ కూర్చున్నాడు. పడవ అంచుకి బావ మడమలు టకటకా కొట్టుకున్నాయి. అప్పుడు కంప్రెసరు గదిలోంచి పరుగున వచ్చిన ఆమె, మొగుడి భుజం మీద పానాతో ఒక్కటిచ్చింది. పట్టు వదిలిపోయింది. బావ తొట్టిలోంచి తల తీసి చెక్కబల్ల మీద కక్కుకున్నాడు.

"మా అన్న చస్తే నిన్ను నేను చంపుతాను," అంది ఆమె, ఆయాసపడుతూ. "నువ్వు చస్తే మా అన్నని చంపుతాను. ఇక మీ ఇష్టం."

ఆ రోజు పడవ కదల్లేదు. చెయ్యి అతుక్కునేదాకా బావాబావలు మాట్లాడుకోలేదు. గోడకి ఇవతల ఒకడు, అవతల ఒకడు, మధ్యలో ఆమె కబుర్లు మోసేది. మోసి మోసి విసుగెత్తి తీర్పు తనే చెప్పేసింది. మాస్కుకి ఏమీ వేలాడకూడదు, అది అన్నయ్య మాట. గొట్టం ఒంటి మీదే ఉండాలి, అది మొగుడి మాట. పాత రబ్బరు సూటు ముక్క కత్తిరించి, మొగుడి సూటుకి తొడ దగ్గర జేబు అతికించి, మడిస్తే మడతపడే మెత్తని గొట్టం అందులో దూర్చింది. బావ ఒకరోజు ఆ ఉబ్బు చూసి ఏమిటది అని అడిగాడు. దువ్వెన అని చెప్పింది చెల్లెలు. మొగుడిది బట్టతల. బావ ఇంకేమీ అడగలేదు.

అలా పని మళ్లీ మొదలైంది. కొన్నాళ్లకి ఒక బాక్సరు వచ్చాడు. కుర్రాళ్లకి బాక్సింగు నేర్పే మనిషి. మెడ ఎక్కడ ఆగిందో భుజం ఎక్కడ మొదలైందో తెలియదు. చెవులు నలిపేసిన కాగితాల్లా ఉన్నాయి. ఈతలో మంచివాడే, నెమ్మదస్తుడే. మామూలుగా తోడొచ్చే ఇంకో గైడుకి జ్వరం కావడంతో బావే స్వయంగా దిగాడు. పడవ మీద ఇంజను చూసుకునే ముసలాయన ఒక్కడే మిగిలాడు.

దిగేటప్పుడు సముద్రం నూనె పోసినట్టుంది. అడుగున అంతా సవ్యంగానే జరిగింది. కాకపోతే పెద్ద ఇంజనుకి పెద్ద దాహం, బాక్సరు తన గాలంతా త్వరగా తాగేశాడు. బావ పైకి వెళ్దామని బొటనవేలు చూపించాడు. ఎక్కుతుంటే గొట్టంగాడు తలెత్తి చూశాడు. ఎప్పుడూ వెండి రేకులా మెరిసే నీటి కప్పు నల్లబడి కుతకుతలాడుతోంది.

పైకి తేలిన క్షణం నుంచీ అంతా మోతే. వాన కంకర రాళ్లలా మొహాల మీద కొడుతోంది. పడవ లంగరు తాడు తెగిపోయింది. ఇంజను అందుకోక పడవ పక్కకి దొర్లుతూ దూరంగా కొట్టుకుపోతోంది. ముసలాయన చేతులూపడం ఒక అల మీద కనిపించింది, తర్వాతి అల మీద పడవే కనిపించలేదు.

బాక్సరు చెయ్యకూడని పని ముందు చేశాడు. జాకెట్టులో గాలి నింపకుండానే రెగ్యులేటరు ఊసేసి, పడవని పిలవడానికి నోరు తెరిచాడు. అల లోపలికి దిగింది. దాంతో నేర్పిందంతా పోయింది. నీళ్లలో భయపడ్డవాడికి మనిషి మనిషిలా కనబడడు, ఎక్కడానికి దొరికిన నిచ్చెనలా కనబడతాడు. దగ్గరగా ఉన్నది బావ. బాక్సరు ఆయన భుజాల మీదికెక్కాడు. మోచెయ్యి తగిలి బావ కనుబొమ్మ చీలింది. పట్టుకోసం వెతికిన చేతికి బావ జాకెట్టు గాలిగొట్టం దొరికింది, మొదలంటా ఊడొచ్చింది. జాకెట్టులో గాలంతా బుసబుసమని పోయి బావ బండలా కిందికి దిగిపోయాడు. బాక్సరు మోకాళ్లు ఆయన్ని ఇంకా తొక్కుతూనే ఉన్నాయి. అతను గుంజిన గుంజుకి బావ భుజం కీలు తప్పింది.

గొట్టంగాడు మధ్యలో దూరాడు. భయంలో ఉన్నా ఆ మనిషి తన విద్య మర్చిపోలేదు. దెబ్బ భుజం లోపల్నుంచి వచ్చింది. చెవి మీద పడింది. కర్ణభేరి పగిలి చల్లటి నీళ్లు తల లోపలికి పాకాయి. సముద్రం ఒక్కసారి గిర్రున తిరిగి తలకిందులైంది. ఏది పైనో ఏది కిందో తెలియక, అతను రెగ్యులేటరు పళ్ల మధ్య బిగించి ఊరికే మునిగిపోయాడు. మునిగేవాడిని ఎవడూ వెంబడించడు. బుడగలు పోయేవైపే పైదిక్కు అనుకుని వాటి వెంట ఎక్కి బాక్సరు వెనకనుంచి లేచాడు. అతని సిలిండరుని మోకాళ్లతో ఇరికించి పట్టుకున్నాడు. బాక్సరు జాకెట్టు నింపే బొత్తాం నొక్కాడు. అతని సిలిండర్లో గాలి ఉంటేగా. నడుముకున్న సీసం బరువుల పట్టీ ఊడదీసి వదిలాడు. బాక్సరు వెనక్కి తిరిగి గొంతు పట్టుకున్నాడు.

అప్పుడు కొట్టాడు. దవడ మీద, వీలైనంత దగ్గర్నుంచి, ఉన్న బలమంతా పెట్టి. గొంతు మీద పట్టు సడలింది. రెండోసారి కొడితే ఎముక కదిలిన చప్పుడు తన వేలి కణుపుల్లో వినబడింది. బాక్సరు చేతులు నీళ్ల మీద తేలిపోయాయి. మూడోది ఆ తర్వాత కొట్టాడు.

ఆ మూడోదెబ్బ పడ్డాకే అతనికి చల్లదనం తెలిసింది. బాక్సరు జాకెట్టు గొట్టం నోట్లో పెట్టుకుని, అలకీ అలకీ మధ్య దొరికిన ఊపిరితో దాన్ని ఊది నింపాడు. మనిషి వెల్లకిలా తేలాడు. మొహం అలలకి ఎదురు కాకుండా తిప్పి, సిలిండరు పిడి ఒక చేత్తో పట్టుకుని బావ కోసం చూశాడు.

బావ అడుగున్నర లోతులో, ఒంటిచేత్తో ఈదుతూ, పైకొస్తూ పోతూ ఉన్నాడు. జాకెట్టు చచ్చిపోయింది, సిలిండరు కిందికి గుంజుతోంది. గొట్టంగాడు కత్తి తీసి ఆయన పట్టీలన్నీ కోసి సిలిండరునీ జాకెట్టునీ బరువులనీ సముద్రానికి వదిలేశాడు. ఇక బావకి మిగిలింది ఒంటి మీది రబ్బరు సూటు. అది మనిషిని పడుకోబెడితే తేలుస్తుంది, నిలబెడితే తేల్చదు. భుజం కీలు తప్పినవాడు తల ఎత్తి ఉంచలేడు. వెల్లకిలా తిప్పితే ప్రతి అల నోట్లోకే. ఆ నోరు తెరుచుకోవడం, నిండటం, దగ్గడం గొట్టంగాడు ఇదివరకు ఒకసారి చూశాడు.

తొడ జేబులోంచి గొట్టం లాగి బావ పెదాలకి ఆనించాడు. బావ మొహం పక్కకి తిప్పుకున్నాడు. పౌరుషమో, స్పృహ సగమే ఉందో చెప్పలేం.

"నోరు తెరువు బావా. తెరవకపోతే పళ్లు రాలగొట్టి మరీ పెడతాను."

బావ తెరిచాడు. గొట్టంగాడు ఆయన మెడ మీద చెయ్యేసి మొహాన్ని నీళ్లలోకి తిప్పాడు. పెద్ద అల వచ్చినప్పుడల్లా గొట్టం నిండిపోయేది. బావ కడుపులోంచి ఊది ఆ నీళ్లని బయటికి చిమ్మేవాడు. నోటితో దాన్ని ఎంత తిట్టినా, ఎలా వాడాలో ఆయనకి తెలియంది కాదు. చిమ్మిన ప్రతిసారీ అందులో కాస్త నెత్తురు ఉండేది. ఊది, పీల్చి, ఊది, పీల్చి, ఆయన అలా బోర్లా పడి బతికాడు.

మధ్యలో ఉన్నవాడికి ఏమీ లేదు. ఒక చేతిలో బాక్సరు, ఒక చేతిలో బావ. తన సిలిండరులో మిగిలిన గాలి ఎప్పుడో అయిపోయింది. ఉప్పునీళ్లు తాగాడు, కక్కాడు, కక్కినచోటే మళ్లీ తాగాడు. ఒకసారి ఎవరో ఒకరిని వదిలెయ్యాలనిపించింది. ఎవరినన్నది కూడా మనసు చెప్పింది. చెప్పింది విని, వేళ్లు ఇంకా బిగించాడు.

ముసలాయన చివరికి ఇంజనుని దారికి తెచ్చుకుని వచ్చాడు. అయితే పడవ దగ్గరైనంత మాత్రాన కొట్టడం మానే రకం కాదు సముద్రం. పడవ పక్కన వేలాడే ఇనప నిచ్చెన అలతో లేచి, కసాయి కత్తిలా దిగుతోంది. బాక్సరుని తాడుతో కట్టి పైకి లాగించాక, బావని ఎక్కించబోతుంటే నిచ్చెన గొట్టంగాడి మెడ పక్కన దిగి కంఠం కింది ఎముకని రెండు ముక్కలు చేసింది. అతనెలా ఎక్కాడో అతనికే గుర్తులేదు. బావ మాత్రం చెక్కబల్ల మీద వానలో పడి ఉండి కూడా గొట్టం నోట్లోంచి తియ్యలేదు. ఇక తియ్యండి బాబూ, పైన ఉన్నది గాలేనని ముసలాయన చెప్పాల్సి వచ్చింది.

తర్వాత రేవు అధికారి విచారణకొచ్చి, మునిగేవాళ్లు గొట్టం పెట్టుకోవాలా వద్దా అని అడిగాడు. బావ ఒళ్లంతా కట్లతో కూర్చుని, అది లేకపోతే నేను లేనన్నాడు. ఆ వెంటనే, అదే గనక మా బావ మాస్కుకి వేలాడుతూ ఉంటే ఆ బాక్సరు ముందు దాన్నే పట్టుకుని మాస్కు పీకేసేవాడు, అప్పుడు ముగ్గురమూ లేమన్నాడు. అందుకని జేబులో ఉండాలి, మొహం మీద ఉండకూడదని తేల్చాడు. పడవ కనబడే ప్రశాంతమైన నీళ్లలో మొహం మీద ఉన్నా తప్పులేదని గొట్టంగాడు అడ్డం తగిలాడు. ఇద్దరూ ఆసుపత్రి మంచాల మీద నుంచే మళ్లీ మొదలెట్టారు. అధికారి 'హఠాత్తుగా గాలివాన' అని రాసుకుని లేచిపోయాడు.

గొట్టంగాడి చెవి బాగుపడలేదు. లోతుకి దిగితే కళ్లు తిరుగుతాయి, మళ్లీ దిగొద్దన్నాడు డాక్టరు. ఆ మాట విన్న రోజు అతను కంప్రెసరు గది తలుపుని తన్ని తన్ని విరగ్గొట్టాడు. ఆమె ఆపలేదు. అయ్యాక సుత్తీ మేకులూ తెచ్చి అతని ముందు పెట్టింది. ఇప్పుడు అతను ఒడ్డునే, మొలలోతు నీళ్లలో, కొత్తవాళ్లకి గొట్టంలో నిండిన నీళ్లని ఊదెయ్యడం నేర్పుతాడు. ఆ చెవివైపు నుంచి తిట్టేవాళ్ల తిట్లు వినబడకపోవడంతో తగాదాలు సగానికి సగం తగ్గాయని రేవులో చెప్పుకుంటారు.

చలికాలం ముగిసే వేళకి బాక్సరు వచ్చాడు. దవడ అతుక్కుంది గాని కాస్త పక్కకి అతుక్కుంది. దుకాణం ముందున్నవాళ్లు జరగబోయేది ఊహించి దూరంగా నిలబడ్డారు. గొట్టంగాడు చేస్తున్న పని పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

బాక్సరు ప్రాణం కాపాడినందుకు చెప్పాల్సిన మాటలు చెప్పాడు. అవి ముందే కూర్చుకున్నట్టు గబగబా అయిపోయాయి. తర్వాత ఆగి, "నాకు రెండు దెబ్బలు గుర్తున్నాయి. డాక్టరు మూడు అంటున్నాడు," అన్నాడు.

"మూడే," అన్నాడు గొట్టంగాడు.

"మూడోదెందుకు?"

గొట్టంగాడు వెతికాడు. చెవి గుర్తొచ్చింది, తొక్కబడుతున్న బావ గుర్తొచ్చాడు, తడి తాడు కూడా గుర్తొచ్చింది. వాటిలో ఏదీ జవాబు కాదు.

"చెయ్యి ఆగలేదు," అన్నాడు. "బాగుండింది కూడా, ఆ క్షణంలో."

ఆ మాట బాక్సరుకి కొత్త కాదని మొహం చెబుతోంది. కుర్రాళ్లకి నేర్పేది గంట మోగాక చెయ్యి ఆపడమేనని, మిగతాదంతా ఎవడికైనా పుట్టుకతోనే వస్తుందని నెమ్మదిగా అన్నాడు. తర్వాత చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"ఒక్కటి నాకు బాకీ ఉన్నావు."

గొట్టంగాడు చేతులు కిందికి దించి నిలబడ్డాడు. దెబ్బ కడుపులో పడింది. నేల మీద కూలబడ్డాడు. లోపల ఉన్న గాలంతా పోయి, కొత్తది రావడానికి దారి దొరక్క నోరు ఊరికే తెరుచుకుని ఉండిపోయింది. ఆమె పానాతో గదిలోంచి బయటికొచ్చింది. అతను నేల మీంచే చెయ్యెత్తి వద్దని ఆపాడు. బాక్సరు వంగి అతని చంకల కింద చేతులేసి లేపి, గోడకి ఆనించి కూర్చోబెట్టి, ఊపిరి ఆడేదాకా పక్కనే ఉండి, వెళ్లొస్తానని ఆమెకి కూడా చెప్పి వెళ్లిపోయాడు.

"నొప్పిగా ఉందా?" అని అడిగింది ఆమె.

"ఉంది."

"ఉండనీ," అని, కంప్రెసరు ఆన్ చెయ్యడానికి లోపలికి వెళ్లింది.